ఒపేరా గాయకుల జీవితం, ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒపేరా గురించి మాట కదిలితే చాలు, అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. మైకు ఎందుకు పెట్టరు, లావుగా ఉండాల్సిందేనా, డబ్బులు బాగా వస్తాయా, గొంతు పోతే ఏం చేస్తారు? విడివిడిగా జవాబు చెప్పే బదులు అన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లండి. పైది చదవకపోయినా కిందిది అర్థమవుతుంది.

## మొట్టమొదట వచ్చే సందేహాలు

ఒపేరా అంటే కచేరీనా, నాటకమా?

నాటకమే. మాటలన్నీ, లేదా దాదాపు అన్నీ, పాటలో ఉంటాయి. వేషాలు, సెట్లు, నటన అన్నీ ఉంటాయి. స్టేజి ముందు పల్లంలో ఆర్కెస్ట్రా కూర్చుంటుంది. 1600 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో రాజాస్థానాల వేడుకగా మొదలైంది. 1637లో వెనిస్‌లో టికెట్టు కొన్నవాళ్లెవరైనా చూడగలిగే థియేటర్ తెరిచారు. అప్పటినుంచి అది వ్యాపారం కూడా అయింది. గాయకులకు పేరు, పారితోషికాల బేరాలు, అభిమానుల గొడవలు అన్నీ ఆ రోజుల్లోనే మొదలయ్యాయి.

మైకు లేకుండా అంత పెద్ద హాల్లో చివరి వరసదాకా ఎలా వినపడుతుంది?

అరవడం వల్ల మాత్రం కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరాలో దాదాపు 3,800 సీట్లు ఉంటాయి, గాయకుడి ముందు పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తుంటుంది. దానితో శబ్దంలో పోటీకి దిగితే ఏ గొంతూ నిలవదు. అసలు కిటుకు వేరే. ఆర్కెస్ట్రా శబ్దంలో బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. శిక్షణ పొందిన గాయకులు గొంతు లోపలి ఆకారాన్ని సర్దుకుని 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల అదనపు బలం తెచ్చుకుంటారు. ఆర్కెస్ట్రా పలచబడే చోట గొంతు చిక్కగా ఉంటుందన్నమాట. పైగా మన చెవి బాగా పట్టుకునే స్థాయి కూడా అదే. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బర్గ్ 1970లలో దీన్ని వివరించారు. సోప్రానోలు, అంటే ఆడవాళ్లలో అన్నిటికంటే ఎత్తు గొంతున్నవాళ్లు, పై స్థాయిలో పాడేటప్పుడు దీని అవసరం తక్కువ, వాళ్ల స్వరమే ఎత్తులో ఉంటుంది కాబట్టి.

సోప్రానో, టెనర్, బేస్... ఎవరిది ఏ గొంతో ఎవరు చెబుతారు?

మొదట గురువు, తర్వాత కాలం. ఆడవాళ్లలో పై నుంచి కిందికి సోప్రానో, మెజో సోప్రానో, కాంట్రాల్టో. మగవాళ్లలో కౌంటర్ టెనర్, టెనర్, బారిటోన్, బేస్. ఎంత పైకి పాడగలరు అన్నది ఒక్కటే లెక్క కాదు. ఏ స్థాయిలో గంటల తరబడి హాయిగా ఉండగలరు, గొంతు బరువెంత, రంగేమిటి అన్నవి కూడా చూస్తారు. జర్మన్ థియేటర్లు దీన్ని ఇంకా సన్నగా విడగొట్టి, ఏ రకం గొంతుకు ఏయే పాత్రలో పట్టికలే తయారు చేసుకున్నాయి. ఇరవై ఏళ్ల వయసులో వేసిన ముద్ర నలభైకి మారిపోవచ్చు.

లావుగా ఉంటేనే గొంతు బాగుంటుందా?

లేదు. ఊపిరి మీద అదుపు, పక్కటెముకల మధ్య కండరాల బలం, పొట్ట కండరాల పట్టు కావాలి. కొవ్వుతో పని లేదు. ఇప్పుడు వీడియో ప్రసారాలు పెరిగాయి కాబట్టి ఒత్తిడి రెండోవైపు నుంచి వస్తోంది. అమెరికన్ సోప్రానో డెబోరా వోయిట్‌ను 2004లో లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్ ఒక పాత్రలోంచి తప్పించింది. దర్శకుడు అనుకున్న నల్ల గౌను ఆమెకు నప్పదన్నది కారణం. ఆ సంవత్సరమే ఆమె బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నారు. 2008లో అదే థియేటర్‌లో అదే పాత్ర పాడారు. గొంతు అమ్ముకునే చోట గౌను కొలతలతో మనిషిని తూచడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

బొచెల్లి ఒపేరా గాయకుడేనా?

ఇటాలియన్ టెనర్ ఆండ్రియా బొచెల్లి నిజమైన ఒపేరా వేదికల మీద కూడా పాడారు. 1999లో డెట్రాయిట్‌లో నాయక పాత్ర వేశారు. కానీ ఆయన పేరు నిలబడింది మైకుతో పాడిన కచేరీలు, రికార్డుల మీద. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, అది వేరే వృత్తి, అంతే. పేరున్న ముగ్గురు టెనర్లు పవరోటి, డొమింగో, కరేరాస్ కలిసి 1990 జులై 7న రోమ్‌లో చేసిన ప్రసిద్ధ కచేరీలోనూ మైకులున్నాయి. దానికి కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాను నడిపించినవారు, మన జుబిన్ మెహతా.

## నేర్చుకునే రోజులు

ఏ వయసులో మొదలుపెట్టాలి? నాకిప్పుడు ఇరవై రెండు, ఆలస్యమైపోయిందా?

ఈ ఒక్క విషయంలో ఒపేరా దయగలది. పియానో, వయోలిన్‌లు ఐదారేళ్లకే పట్టాలి. గొంతు మాత్రం శరీరంతో పాటు పండాలి కాబట్టి గట్టి శిక్షణ సాధారణంగా పదహారు, పద్దెనిమిదేళ్ల తర్వాతే మొదలవుతుంది. తేలికపాటి సోప్రానోలు ఇరవైల్లోనే స్టేజి ఎక్కుతారు. బరువైన గొంతులకు, ముఖ్యంగా బేస్‌లకు, ముప్పై దాటాకే అసలు రంగు వస్తుంది. పవరోటి చిన్నపిల్లలకు పాఠాలు చెప్పారు, బీమా పాలసీలు అమ్మారు, పాతికేళ్ల వయసులో 1961లో మొదటి పాత్ర పాడారు. స్వీడన్ సోప్రానో బిర్గిట్ నిల్సన్ మెట్రోపాలిటన్‌లో మొదటిసారి పాడేనాటికి ఆమెకు నలభై ఒకటి. ఇరవై రెండు ఆలస్యం కాదు. అయితే చిన్నప్పటి నుంచి ఏదో ఒక సంగీతం చెవిన పడి ఉంటే దారి చాలా సులువవుతుంది.

కాలేజీలో ఏం నేర్పుతారు?

గొంతు పాఠం వారానికి ఒకటో రెండో గంటలే. మిగతా సమయమంతా భాషలు, ఉచ్చారణ, నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు చదవడం), సంగీత చరిత్ర, నటన, నడక, కత్తియుద్ధం, డాన్సు. నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన రెండేళ్ల మాస్టర్స్ అన్నది మామూలు దారి. డిగ్రీ చూసి మాత్రం ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, పాడమంటారు.

ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ నిజంగా మాట్లాడటం రావాలా?

గలగలా మాట్లాడనక్కర్లేదు గానీ పాడే ప్రతి మాటకూ అర్థం తెలిసి తీరాలి. తన మాటకే కాదు, ఎదుటి పాత్ర మాటకూ. లేకపోతే ఎదుటివాళ్లు పాడుతున్నంతసేపూ ముఖంలో ఏ భావమూ పలకదు. బాల్కనీలో కూర్చున్నవాళ్లకూ అది తెలిసిపోతుంది. ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ తప్పనిసరి. రష్యన్, చెక్ కూడా వస్తే అవకాశాలు పెరుగుతాయి. పని జర్మనీలో అయితే జర్మన్ మాట్లాడటం కూడా కావాలి, రిహార్సల్ గదిలో సూచనలన్నీ ఆ భాషలోనే ఉంటాయి.

నొటేషన్ చదవడం రాకపోతే?

పవరోటికి అంత బాగా రాదు కదా అని అందరూ ఆయన పేరే చెబుతారు. నిజమే, ఆయన నొటేషన్‌లో గట్టివారు కాదు. అయితే అంతటి గొంతు వెయ్యి మందిలో ఒకరికి కూడా ఉండదు. మిగతావాళ్లు చదవడం నేర్చుకోవాల్సిందే.

గురువు నాకు సరిపడినవారో కాదో ఎలా తెలుసుకోవాలి?

పాఠం అయ్యాక గొంతు అలిసిపోయిందా, తేలికపడిందా చూసుకోండి. కండరాలు కొంచెం బడలడం మామూలే. బొంగురు పోవడం, నొప్పి, మర్నాడు మాట పెగలకపోవడం మాత్రం మామూలు కాదు. పద్దెనిమిదేళ్ల వాళ్లకు జర్మన్ స్వరకర్త వాగ్నర్ పాటలు, ఇటాలియన్ స్వరకర్త వెర్డి రాసిన భారీ పాటలు ఇచ్చే గురువు ఎంత పేరున్నవారైనా సరే, వదిలెయ్యండి. ఏడాది తిరిగేసరికి కింది స్థాయికీ పై స్థాయికీ మధ్య గొంతు మారే చోటు నునుపు తేలిందా అన్నది ఇంకో గుర్తు. వృత్తిలో స్థిరపడ్డవాళ్లు కూడా గురువు దగ్గరికి వెళుతూనే ఉంటారు. పాడేవాళ్లకు తమ గొంతు లోపలి నుంచి వినపడుతుంది. హాల్లో ఎలా ఉందో చెప్పడానికి ఇంకొకరి చెవి కావాలి.

## మొదటి అవకాశాలు

యంగ్ ఆర్టిస్ట్ ప్రోగ్రామ్ అంటే ఏమిటి?

చదువుకూ ఉద్యోగానికీ మధ్య మెట్టు. పెద్ద థియేటర్లు కొద్దిమంది కుర్ర గాయకులను ఒకటి నుంచి మూడేళ్లు స్టయిపెండు ఇచ్చి పెట్టుకుంటాయి. చిన్న పాత్రలు, పెద్ద గాయకులకు కవర్‌గా (వాళ్లు పాడలేకపోతే బదులు పాడేందుకు సిద్ధంగా) నిలబడటం, రోజూ కోచింగ్. మెట్రోపాలిటన్ వారిది 1980లో, లండన్ రాయల్ ఒపేరా హౌస్ వారిది 2001లో మొదలయ్యాయి. అమెరికాలోని శాంటా ఫేలో వేసవి అప్రెంటిస్ పద్ధతి 1957 నుంచీ ఉంది. పోటీ విపరీతం. చాలాచోట్ల ముప్పై దాటితే దరఖాస్తు తీసుకోరు, బరువైన గొంతులకు ఇది పెద్ద అన్యాయం.

ఆడిషన్‌లో అసలేం జరుగుతుంది?

ఐదు పాటలు సిద్ధం చేసుకుని వెళ్లాలి. వేర్వేరు భాషలు, వేర్వేరు కాలాలు, వాటిలో మొజార్ట్ ఒకటి దాదాపు తప్పనిసరి. మొజార్ట్‌లో దాక్కోవడానికి చోటుండదు. శ్రుతి, ఊపిరి, లయ, ఏది తేడా పడినా దొరికిపోతారు. మొదటి పాట మీ ఇష్టం, రెండోది వాళ్లు ఎంచుకుంటారు.

చూడటానికి ఇలా ఉంటుంది. తలుపు తీసుకుని లోపలికి వెళతారు. పియానిస్టును అంతకుముందెప్పుడూ చూసి ఉండరు. ఆయనకు నొటేషన్ ఇచ్చి, వేగం ఎంతో చెవిలో సన్నగా పాడి చూపిస్తారు. బల్ల వెనుక ముగ్గురు కూర్చుని ఉంటారు. ఒకరు తల వంచుకుని రాసుకుంటారు, ఒకరు కాఫీ తాగుతుంటారు. పాట సగంలో ఉండగా 'థాంక్యూ' వినిపించవచ్చు. అది చెడ్డ సూచనే అనుకోవద్దు, నచ్చితే మూడు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. రెండో పాట అడిగారంటే ఆసక్తి ఉన్నట్టు. పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. జవాబు వారాల తర్వాత వస్తుంది, అసలు రాకపోవచ్చు కూడా.

ప్రయాణం, బస గాయకుల ఖర్చే. కొన్నిచోట్ల దరఖాస్తు రుసుము, పియానిస్టు ఫీజు కూడా వాళ్లే కట్టుకోవాలి. ఏడాదంతా తిరిగితే పెద్ద మొత్తమే అవుతుంది. ఇంట్లో ఆసరా లేని పిల్లలు చాలామంది ఆగిపోయేది ఇక్కడే, గొంతు చాలక కాదు.

పోటీల్లో గెలవకపోతే ఇక అంతేనా?

కానే కాదు. రెండేళ్లకోసారి కార్డిఫ్‌లో జరిగే పోటీలో 1989లో రష్యన్ బారిటోన్ దిమిత్రి ఖ్వొరొస్తోవ్‌స్కీ గెలిచారు, వేల్స్‌కు చెందిన బ్రిన్ టెర్ఫెల్‌కు పాటల విభాగం బహుమతి మాత్రమే వచ్చింది. తర్వాత ఇద్దరూ ప్రపంచమంతా పాడారు. డొమింగో 1993లో స్థాపించిన ఓపెరాలియా పోటీ కూడా పెద్దదే. ఈ పోటీల అసలు లాభం బహుమతి డబ్బు కాదు. కింద కూర్చుని వినే థియేటర్ డైరెక్టర్లు, ఏజెంట్లు.

ఏజెంట్ లేకుండా నెట్టుకురాగలమా?

చిన్న థియేటర్లలో రావచ్చు. పెద్దవాటిలో ఆడిషన్ దొరకాలన్నా ఏజెంట్ ఫోన్ చేయాల్సిందే. సాధారణంగా ఒపేరా పారితోషికంలో 10 నుంచి 15 శాతం కమిషన్, కచేరీలకు 20 శాతం దాకా ఉంటుంది. పని రాకముందే డబ్బులు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

అందరూ జర్మనీకే ఎందుకు వెళతారు?

అక్కడ ఉద్యోగాలున్నాయి కాబట్టి. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఒపేరా థియేటర్లు ఆ ఒక్క దేశంలోనే ఎనభై వరకు ఉన్నాయి. చాలా వాటిలో సొంత బృందం ఉంటుంది. బృందంలో చేరితే నెల జీతం, ఆరోగ్య బీమా, పింఛను. సోమవారం తేలికపాటి నాటకంలో పనిమనిషి పాత్ర, బుధవారం పిల్లల ప్రదర్శన, శనివారం నాయిక. ఐదేళ్లలో ముప్పై పాత్రలు చేతికొస్తాయి, ఇంత అనుభవం ఇంకెక్కడా రాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒప్పందం సీజన్‌కు సీజన్ పొడిగిస్తారు. వచ్చే ఏడాది వద్దనుకుంటే అక్టోబరు 31లోగా గాయకులకు తెలియజేయాలన్నది అక్కడ చాలాకాలంగా ఉన్న పద్ధతి. అందుకే ప్రతి అక్టోబరులోనూ అక్కడి గాయకులకు ఒకటే టెన్షన్. కొత్త డైరెక్టర్ వస్తే తనకు తెలిసినవాళ్లను తెచ్చుకోవడం, పాతవాళ్లను పంపించడం మామూలు. అదే థియేటర్‌లో పదిహేనేళ్లు నిండితే ఉద్యోగానికి గట్టి రక్షణ వస్తుంది. ఆ గీత దగ్గర పడుతుండగానే కొందరికి ఉత్తరం అందుతుంది.

## రిహార్సల్, స్టేజి

ఒక పెద్ద పాత్ర తయారవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

కొత్త పాత్ర అయితే నెలల తరబడి. ముందు మాటలు, ఉచ్చారణ, ఆ తర్వాత స్వరాలు, తర్వాత కోచ్ దగ్గర పియానోతో సాధన. థియేటర్‌కు వచ్చే మొదటి రోజుకే పాత్రంతా కంఠతా వచ్చి ఉండాలి. అక్కడ మూడు నుంచి ఆరు వారాలు స్టేజి మీద కదలికలు నేర్పుతారు. ఆర్కెస్ట్రాతో కలిసేది చివరి వారాల్లోనే. మొదటిసారి వేషాల్లేకుండా కూర్చుని ఆర్కెస్ట్రాతో పాడతారు. ఆ రోజంటే చాలామంది గాయకులకు ఇష్టం, పరుగులు లేవు, బరువైన కిరీటాలు లేవు.

రిహార్సల్‌లో సగం గొంతుతో గొణుగుతున్నారేంటి? బద్ధకమా?

కాదు, పొదుపు. రోజుకు ఆరు గంటల రిహార్సల్‌లో ప్రతిసారీ నిండు గొంతుతో పాడితే మొదటి ప్రదర్శన నాటికి ఏమీ మిగలదు. పై స్వరాన్ని కింది స్థాయిలో పాడటం, మెల్లగా అనేసి సరిపెట్టుకోవడం, దీన్ని 'మార్కింగ్' అంటారు. ఇదీ నేర్చుకోవాల్సిన విద్యే. సరిగ్గా చేయకపోతే సగం గొంతే ఎక్కువ అలుపు తెస్తుంది. ఏ రోజు నిండుగా పాడాలో కండక్టర్‌కు ముందే చెప్పుకుంటారు.

పాట మధ్యలో మర్చిపోతే?

చాలా థియేటర్లలో స్టేజి అంచున చిన్న గూడులో ఒకరు కూర్చుని ఉంటారు. ప్రేక్షకులకు కనపడరు. ప్రతి వాక్యం మొదలయ్యే ముందు మొదటి మాట అందిస్తారు. అది కూడా లేనిచోట, ఏదో ఒక అచ్చుతో స్వరం పాడేసి తర్వాతి వాక్యం అందుకోవడమే. మాట తప్పినా ఫరవాలేదు గానీ లయ తప్పకూడదు, ఆర్కెస్ట్రా ఎవరి కోసమూ ఆగదు.

ప్రదర్శన రోజే జ్వరమొస్తే?

పెద్ద థియేటర్లలో ముఖ్య పాత్రలకు కవర్ ఉంటారు. పాత్రంతా నేర్చుకుని, ఫోన్ వస్తే వెంటనే చేరుకునేంత దగ్గరలో ఉండాలి. చాలాసార్లు పాడే అవకాశమే రాదు. జర్మనీలో కవర్ల పద్ధతి తక్కువ. పొద్దున్న పదకొండింటికి ఇంకో ఊళ్లో ఆ పాత్ర తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తారు, మధ్యాహ్నం రైలెక్కి సాయంత్రానికి వచ్చేస్తారు. కదలికలు నేర్చుకునే టైం లేకపోతే కొత్తగా వచ్చినవారు స్టేజి పక్కన స్టాండు ముందు నిలబడి పాడతారు. గొంతు పోయిన మనిషి వేషం వేసుకుని పెదాలు కదుపుతూ నటిస్తారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా పది నిమిషాల్లో ప్రేక్షకులు అలవాటు పడిపోతారు. ఇలా ఒక్క రాత్రితో పేరు తెచ్చుకున్నవాళ్లున్నారు.

ప్రేక్షకులు నిజంగానే ఛీ కొడతారా?

కొడతారు, ముఖ్యంగా మిలాన్‌లోని లా స్కాలాలో. అక్కడ పై గ్యాలరీలో కూర్చునే పాత రసికులు పరమ కఠినం. 2006 డిసెంబరులో టెనర్ రాబెర్టో అలాన్యా మొదటి పాట ముగించగానే పైనుంచి ఛీత్కారాలు వినిపించాయి. ఆయన ఒక చేయి ఊపి స్టేజి దిగి వెళ్లిపోయారు. ఆర్కెస్ట్రా ఆగలేదు. కవర్‌గా ఉన్న ఆంటొనెల్లో పలోంబీ వేషం వేసుకునే వ్యవధి కూడా లేక, ఒంటి మీదున్న మామూలు బట్టలతోనే పురాతన ఈజిప్టు సెట్లోకి నడిచి వచ్చి పాట అందుకున్నారు. అలాన్యా మంచి గాయకుడే, ఆ తర్వాత కూడా ఎన్నోచోట్ల పాడారు. ఆ సాయంత్రం మాత్రం ఆయనను ఇంకా వదల్లేదు.

## డబ్బు సంగతి

ఒపేరా గాయకులు ఎంత సంపాదిస్తారు?

కొద్దిమంది బాగా, ఎక్కువమంది అంతంతమాత్రం. 2020 ప్రాంతంలో అమెరికన్ పత్రికలు రాసినదాని ప్రకారం మెట్రోపాలిటన్‌లో అగ్రశ్రేణి గాయకులకు ఒక్కో ప్రదర్శనకు దాదాపు 17,000 డాలర్లు. వినగానే కళ్లు తిరుగుతాయి. లెక్క వేస్తే ఇంకోలా ఉంటుంది.

విడిగా పనిచేసే గాయకులకు సాధారణంగా ప్రదర్శన లెక్కన డబ్బు. ఐదు వారాల రిహార్సల్‌కు వేరే జీతం ఉండకపోవచ్చు. ఆరు ప్రదర్శనలకు ఒప్పుకుని రెండిటికి జబ్బుపడితే ఆ రెండిటి డబ్బూ పోయినట్టే. వచ్చినదాంట్లో ఏజెంట్ కమిషన్, రెండు నెలల ఇంటి అద్దె, రెండు దేశాల పన్నులు, కోచ్ ఫీజు పోవాలి. ఒప్పందం మూడు నాలుగేళ్ల ముందే అయిపోతుంది గానీ డబ్బు చేతికొచ్చేది పాడాకే.

2020 మార్చిలో థియేటర్లు మూతపడినప్పుడు ఈ పద్ధతి లోపం బయటపడింది. అనివార్య పరిస్థితుల నిబంధన చూపించి చాలాచోట్ల ఒప్పందాలు రద్దు చేశారు, పైసా ఇవ్వకుండా. మెట్రోపాలిటన్ మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరులో. ఈలోపు ఎంతోమంది వృత్తే మార్చుకున్నారు. ప్రత్యామ్నాయ ఆదాయం పెట్టుకోవడం ఆశ వదులుకోవడం కాదని అప్పటినుంచి గురువులు కూడా చెబుతున్నారు.

కోరస్‌లో చేరితే ఓడిపోయినట్టా?

ఈ మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద థియేటర్ల కోరస్‌లో నెల జీతం, యూనియన్, సెలవులు, పింఛను ఉంటాయి, పొద్దున్నే పిల్లలను బడికి పంపించి పనికి వెళ్లొచ్చు. మంచి థియేటర్‌లో ఒక్క ఖాళీకి వందలమంది వస్తారు. వాళ్లకు వచ్చిన పాత్రల సంఖ్య, భాషల సంఖ్య చాలామంది సోలో గాయకులకు ఉండదు. గొంతు వేరే రకంగా వాడాలి, పక్కవారితో కలిసిపోవాలి, అంతే తేడా.

## గొంతు, ఒళ్లు

చల్లటి నీళ్లు తాగరట, నిజమేనా?

ఒక్కొక్కరిది ఒక్కో నమ్మకం. డాక్టర్లు గట్టిగా చెప్పేవి కొన్నే. నీళ్లు బాగా తాగాలి, నిద్ర పోవాలి, పొగ తాగకూడదు, రాత్రి పొద్దుపోయి తిని వెంటనే పడుకోకూడదు. చివరిది పాటించడమే కష్టం. ప్రదర్శన పదకొండింటికి ముగుస్తుంది, ముందు తినలేదు కాబట్టి అప్పుడు ఆకలి దంచేస్తుంది. పడుకోగానే కడుపులో ఆమ్లం పైకి తన్ని స్వరపేటికను మండిస్తుంది. గాయకులను ఎక్కువగా వేధించే సమస్యల్లో ఇదొకటి. విమానాల్లో పొడిగాలి, కొత్త ఊళ్లలో పుప్పొడి, హోటల్ ఏసీలు, ఇవన్నీ ఆ తర్వాతి శత్రువులు. హోరుగా ఉండే విందుల్లో అరిచి మాట్లాడటం మూడు గంటల పాట కంటే ఎక్కువ హాని చేస్తుంది.

స్వరతంత్రులకు శస్త్రచికిత్స అయితే ఇక పాడలేరా?

పాడినవాళ్లున్నారు. ఫ్రెంచ్ సోప్రానో నటాలీ డెస్సే రెండుసార్లు చేయించుకుని తిరిగి వచ్చారు, 2013లో ఒపేరా స్టేజి వదిలి మాటల నాటకాలు, కచేరీల వైపు వెళ్లారు. మెక్సికన్ టెనర్ రొలాండో విల్లజోన్ 2009లో తిత్తి తీయించుకుని మళ్లీ పాడారు. పాతకాలంలో దీన్ని రహస్యంగా దాచేవారు, తెలిస్తే పని రాదన్న భయంతో. ఇప్పుడిప్పుడే బయటికి చెబుతున్నారు. ఆటగాళ్లకు మోకాలు విరిగితే జాలిపడతాం, గాయకుల గొంతుకు గాయమైతే 'టెక్నిక్ లేదు' అంటాం.

పెద్ద పాత్ర ఇస్తామంటే వద్దనేవాళ్లుంటారా?

ఉంటారు, ఎక్కువకాలం నిలబడేది కూడా వాళ్లే. ముప్పై ఏళ్ల గాయకుడికి గొప్ప కండక్టర్ స్వయంగా ఫోన్ చేసి వాగ్నర్ పాత్ర ఇస్తానంటే కాదనడం ఎంత కష్టమో ఊహించండి. ఒప్పుకుంటే రెండేళ్లు పేపర్లలో ఫొటోలు. ఆ తర్వాత పై స్వరాలు వణకడం, మెత్తగా పాడటం చేతకాకపోవడం మొదలవుతాయి. బరువైన ఆర్కెస్ట్రా మీదుగా వినపడాలని గొంతును తోసీ తోసీ కండరాలు దానికే అలవాటు పడిపోతాయి.

వాగ్నర్ పాత్రలంటే భయం ఊరికే పుట్టలేదు. 1865లో మ్యూనిక్‌లో వాగ్నర్ ఒపేరాలో నాయకుడు ట్రిస్టన్ పాత్రను మొదటిసారి పాడిన టెనర్ లుడ్విగ్ ష్నోర్ నాలుగే ప్రదర్శనలు ఇచ్చి, కొద్ది వారాల్లో ఇరవై తొమ్మిదేళ్లకే చనిపోయారు. జబ్బు వల్లే అయినా నింద పాత్ర మీద పడింది. ఆ జోడీ పాత్ర ఐసోల్డే పాడటానికి ఏం కావాలని అడిగితే బిర్గిట్ నిల్సన్ 'సుఖంగా ఉండే జోళ్లు' అన్నారట. ఆమె అలా అనగలిగింది సరైన వయసులో ఆ పాత్రకు వచ్చారు కాబట్టి.

ఇటాలియన్ సోప్రానో మిరెల్లా ఫ్రేనీ ఇంకో ఉదాహరణ. ఏళ్ల తరబడి తేలిక పాత్రల్లోనే ఉండి, బరువైనవి ఒక్కొక్కటే ఎత్తుకున్నారు. ఆమె, పవరోటి ఒకే ఊరి పిల్లలు, ఒకే ఏడాది పుట్టారు, ఇద్దరి తల్లులూ ఒకే పొగాకు ఫ్యాక్టరీలో పనిచేశారు. ఫ్రేనీ డెబ్భయ్యవ ఏట, 2005లో, చివరి ఒపేరా పాడారు.

## ఇల్లు, ప్రయాణాలు

పెళ్లి, పిల్లలు కుదురుతాయా?

కుదురుతాయి, ఎవరో ఒకరు సర్దుకుంటే. విడిగా పనిచేసే గాయకులు ఏడాదిలో ఏడెనిమిది నెలలు బయటే. ఒక్కో ఊళ్లో ఆరు వారాలు అంటే హోటల్ చాలదు, అద్దె ఇల్లు చూసుకోవాలి. బడికి వెళ్లే వయసు వచ్చేదాకా పిల్లలను వెంట తిప్పుతారు, తర్వాత వీడియో కాల్సే. ఆడవాళ్లకు ఇంకో చిక్కు. ఒప్పందాలు మూడేళ్ల ముందే అయిపోతాయి కాబట్టి గర్భం వస్తే ఏదో ఒకటి వదులుకోవాలి. వదులుకున్నది మళ్లీ వస్తుందన్న హామీ లేదు. పిల్లలు పుట్టాక గొంతు నిండుగా మారిందని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. పొట్ట కండరాలు తిరిగి పట్టుబడేదాకా మాత్రం ఆగాలి. ఈ తిరుగుడు పడలేక పెద్ద పేరు వదులుకుని ఒకే ఊళ్లో బృంద ఉద్యోగం ఎంచుకున్నవాళ్లను చేతకానివాళ్లు అనుకోకండి.

స్టేజి ఎక్కేముందు మూఢనమ్మకాలుంటాయా?

బోలెడు. పవరోటి స్టేజి వెనుక వంగిన మేకు దొరికితేగానీ నిమ్మళంగా ఉండేవారు కాదు, తెలిసిన సిబ్బంది ఆయన కంటపడేచోట ముందే ఒకటి పడేసేవారని చెబుతారు.

## చివరి దశ

ఎంత వయసుదాకా పాడగలరు?

యాభైల చివరిదాకా ముఖ్య పాత్రలు పాడితే మంచి కెరీర్ అన్నట్టే. తేడాలు చాలా ఎక్కువ. ప్రసిద్ధ సోప్రానో మరియా కాలస్ 1965లో లండన్‌లో చివరి ఒపేరా పాడేనాటికి ఆమెకు నలభై ఒకటే. అమెరికన్ కాంట్రాల్టో మేరియన్ ఆండర్సన్‌ను మెట్రోపాలిటన్ మొదటిసారి పిలిచేసరికే ఆమెకు యాభై ఏడు. 1955 వరకు అక్కడ నల్లజాతి గాయకులు ముఖ్య పాత్ర పాడలేదు. ఆమె మంచి ఏళ్లన్నీ ఆ తలుపు బయటే గడిచాయి. డొమింగో టెనర్‌గా పై స్వరాలు బరువయ్యాక 2009 నుంచి బారిటోన్ పాత్రలకు దిగారు. కొందరికి అది తెలివి, కొందరికి మొండితనం. నా ఓటు రెండోదానికే. ఆడవాళ్లలో చాలామంది నాయిక పాత్రల నుంచి తల్లి, దాది, ముసలి రాణి పాత్రలకు మారతారు. అవి చిన్నవే అయినా నటన తెలిసినవాళ్ల చేతిలో పడితే సీన్ అంతా వాళ్లదే.

మానేశాక ఏం చేస్తారు?

ఎక్కువమంది పాఠాలు చెబుతారు. బాగా పాడినవాళ్లందరూ బాగా చెప్పలేరు, పుట్టుకతో గొంతు వచ్చినవాళ్లకు లేనివాళ్ల ఇబ్బంది అర్థం కాదు. కొందరు దర్శకత్వం వైపు, కొందరు థియేటర్ నిర్వహణ వైపు వెళతారు. విల్లజోన్ పాడుతూనే ఒపేరాలకు దర్శకత్వం వహించారు, 2019 నుంచి సాల్జ్‌బర్గ్‌లో మొజార్ట్ ఉత్సవానికి కళా దర్శకుడిగా పనిచేస్తున్నారు. ఏజెంట్లుగా మారేవాళ్లున్నారు, భాషలు వచ్చు కాబట్టి అనువాదంలోకి వెళ్లేవాళ్లున్నారు. సంగీతంతో సంబంధమే లేని ఉద్యోగాల్లో చేరి, ఇంట్లో కూడా పాడనివాళ్లు కూడా ఉన్నారు. ఎందుకు పాడరని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే. ఒకప్పుడు ఆ స్వరం ఎలా పలికేదో ఒంటికి ఇంకా గుర్తుందట, ఇప్పుడు పలికేది వినలేరట.